లాటినో కుటుంబాల్లో షుగర్, చిగుళ్ళ జబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని డెంటల్ క్లినిక్‌లలో, కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో తెలుగువాళ్ళు చాలామంది పనిచేస్తున్నారు. మన దగ్గర బీడీఎస్ చేసి అక్కడ ఎంపీహెచ్ అనే ప్రజారోగ్య పీజీలో చేరినవాళ్ళు, లైసెన్సు తెచ్చుకుని ప్రాక్టీసు పెట్టినవాళ్ళు, ఫ్రంట్ డెస్కులో ఫోన్లు ఎత్తేవాళ్ళు, అందరూ ఉన్నారు. టెక్సస్, కాలిఫోర్నియా, అరిజోనా లాంటి చోట్ల వాళ్ళ దగ్గరికి వచ్చే పేషెంట్లలో లాటినోలు, అంటే మెక్సికో, క్యూబా లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్ళు, ఎక్కువ. వాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళూ ఎక్కువే. నోటి ఆరోగ్యం గురించి ఆ కుటుంబాలకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదాని మీద తరచూ వచ్చే ప్రశ్నలు ఇవి. వైద్యానికి సంబంధించిన జవాబులు షుగర్ ఉన్న ఏ తెలుగు ఇంటికైనా అలాగే పనికొస్తాయి.

షుగర్ ఎవరికైనా షుగరే కదా, లాటినోల గురించి విడిగా మాట్లాడటం ఎందుకు?

జబ్బు ఒకటే. కానీ అది ఎంతమందికి వస్తోంది, వచ్చాక ఎవరికి వైద్యం అందుతోంది అన్నది అందరికీ ఒకేలా లేదు. అమెరికాలో పెద్దవాళ్ళకి జీవితకాలంలో టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం 40 శాతం అయితే, లాటినోలకి 50 శాతం పైనే అని ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. చిగుళ్ళ జబ్బు సంగతీ అంతే. 30 ఏళ్ళు దాటిన అమెరికన్లలో 42 శాతం మందికి ఎముక దాకా పాకిన చిగుళ్ళ జబ్బు ఎంతో కొంత ఉంటే, మెక్సికన్ మూలాలున్నవాళ్ళలో అది 60 శాతానికి దగ్గరగా ఉంది.

లాటినోలు అంటే ఒకే రకం మనుషులు కారు. 2020 జనాభా లెక్కల్లో వాళ్ళు 6.2 కోట్ల మంది. మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, ఇలా ఎన్నో చోట్ల నుంచి వచ్చినవాళ్ళు, అక్కడే నాలుగైదు తరాలుగా ఉంటున్నవాళ్ళు. 2008 నుంచి 2011 వరకు బ్రాంక్స్, షికాగో, మయామీ, శాన్ డియేగోల్లో 16 వేల మందికి పైగా లాటినోలను పరీక్షించిన పెద్ద అధ్యయనంలో, దక్షిణ అమెరికా మూలాలవాళ్ళలో షుగర్ 10 శాతం చిల్లర ఉంటే, మెక్సికన్లలో 18 శాతం దాటింది. అందుకే మయామీలోని క్యూబన్ పెద్దాయనకీ, టెక్సస్ సరిహద్దులో పొలం పనికి వెళ్ళే మెక్సికన్ అమ్మకీ ఒకే కరపత్రం ఇచ్చి పంపేస్తే సరిపోదు.

ఇదంతా రక్తంలోనే ఉంది అనుకోవడం కూడా పొరపాటే. జన్యువుల పాత్ర కొంత ఉంది. మిగతాది, సెలవు పెడితే ఆ రోజు కూలి పోవడం, ఇన్సూరెన్స్ లేకపోవడం, దగ్గర్లో తమ భాష మాట్లాడే డాక్టరు లేకపోవడం. అమెరికా డెంటిస్టుల్లో లాటినోలు ఆరు శాతం దగ్గరే ఉన్నారు. జనాభాలో మాత్రం వాళ్ళు దాదాపు ఐదో వంతు.

షుగర్‌కీ చిగుళ్ళకీ అసలు సంబంధం ఏమిటి?

పంటికీ చిగురుకీ మధ్య పాచి పేరుకుంటే అందులోని బ్యాక్టీరియా మీదికి మన శరీరం యుద్ధానికి వెళ్తుంది. చిగురు ఎర్రబడి, వాచి, రక్తం కారుతుంది. షుగర్ అదుపులో లేనివాళ్ళలో ఈ యుద్ధం గాడి తప్పుతుంది. సూక్ష్మజీవుల్ని చంపాల్సిన తెల్ల కణాలు సరిగ్గా పనిచేయవు, వాపు మాత్రం తగ్గకుండా కొనసాగుతుంది. సన్నని రక్తనాళాలు దెబ్బతినడంతో గాయం మానడం ఆలస్యమవుతుంది. క్రమంగా పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. పళ్ళు కదులుతాయి.

రెండోవైపు కూడా ఉంది, దాన్ని చాలామంది డాక్టర్లు కూడా పేషెంట్లకి చెప్పరు. ముదిరిన చిగుళ్ళ జబ్బులో పళ్ళ చుట్టూ, పైకి కనపడకుండా ఉండే పుండు అంతా కలిపితే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని అంచనా. కాలి మీద అంత పుండు ఉంటే ఎవరైనా ఆ రోజే ఆసుపత్రికి పరిగెత్తుతారు. నోట్లో ఉంది కాబట్టి ఏళ్ళ తరబడి వదిలేస్తారు. ఆ పుండు నుంచి వాపు కలిగించే రసాయనాలు రక్తంలో కలుస్తూ, ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. అంటే షుగర్ చిగుళ్ళని పాడుచేస్తుంది, పాడైన చిగుళ్ళు షుగర్‌ని పెంచుతాయి.

కళ్ళు, కిడ్నీలు, నరాలు, పెద్ద రక్తనాళాల ఇబ్బందులు, గాయాలు సరిగ్గా మానకపోవడం, వీటి తర్వాత చిగుళ్ళ జబ్బును షుగర్ తెచ్చే ఆరో ఉపద్రవంగా లెక్కపెట్టాలని హారాల్డ్ లో అనే దంత వైద్య శాస్త్రవేత్త 1993లోనే రాశారు. ఆయన ఆధారంగా చూపించిన వాటిలో అరిజోనాలోని పీమా ఆదివాసుల మీద జరిగిన పరిశోధనలు ముఖ్యమైనవి. 30 ఏళ్ళు దాటినా, ఇప్పటికీ షుగర్ డాక్టరు కళ్ళూ పాదాలూ చూసి పంపిస్తారు, నోరు తెరవమని అడిగేవాళ్ళు తక్కువ.

చిగుళ్ళకి వైద్యం చేయిస్తే షుగర్ నిజంగా తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది. 2022లో కాక్రేన్ సంస్థ 35 అధ్యయనాలను కలిపి చూసింది. చిగుళ్ళ లోపలి గార తీసే డీప్ క్లీనింగ్ చేయించుకున్నవాళ్ళలో మూడు నాలుగు నెలలకి, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపించే హెచ్‌బీఏ1సీ సగటున 0.43 పాయింట్లు తగ్గింది. ఆరు నెలలకి ఆ తేడా 0.30గా ఉంది. అంతకుముందు, 2013లో, 500 మందికి పైగా పేషెంట్లతో అమెరికాలో జరిగిన ఒక పెద్ద ట్రయల్‌లో మాత్రం లాభం కనపడలేదు. ఆ ట్రయల్‌లో వైద్యం తర్వాత కూడా చిగుళ్ళ వాపు పూర్తిగా తగ్గలేదని చాలామంది నిపుణులు విమర్శించారు.

కాబట్టి పేషెంటుతో నిజాయితీగా మాట్లాడండి. "క్లీనింగ్ చేయించుకుంటే ఇన్సులిన్ మానేయొచ్చు" అని ఎవరూ చెప్పకూడదు. "మందులూ తిండీ జాగ్రత్తగా చూసుకుంటూ ఇది కూడా చేయిస్తే మీ మూడు నెలల రిపోర్టులో కొంచెం తేడా రావచ్చు, పళ్ళు నిలిచే అవకాశం మాత్రం పెరుగుతుంది" అని చెప్పొచ్చు. కొంచెం అన్నా అది చిన్న విషయం కాదు. 0.4 పాయింట్ల తగ్గుదల కోసం డాక్టర్లు ఒక్కోసారి ఇంకో మాత్ర జోడిస్తారు.

ఇంట్లోనే గమనించగలిగే లక్షణాలు ఏమిటి?

బ్రష్ చేస్తుంటే రక్తం. చిగుళ్ళు వెనక్కి జరిగి పళ్ళు పొడుగ్గా కనపడటం. పోని నోటి దుర్వాసన. కొరికినప్పుడు పన్ను కదలడం, ముందు పళ్ళ మధ్య కొత్తగా సందు రావడం. నోరు ఎండిపోవడం, నాలుక మంట, నాలుక మీదో పళ్ళ సెట్టు కిందో తెల్లటి పూత. ఈ తెల్ల పూత ఫంగస్ వల్ల వస్తుంది, షుగర్ ఎక్కువగా ఉంటే మళ్ళీ మళ్ళీ వస్తుంది.

సిగరెట్ తాగేవాళ్ళకి ఒక హెచ్చరిక. పొగ వల్ల చిగుళ్ళకి రక్తప్రసరణ తగ్గి, జబ్బు ముదిరినా రక్తం కారకపోవచ్చు. రక్తం రావడం లేదు కాబట్టి బాగానే ఉంది అనుకోవద్దు.

నొప్పి లేనప్పుడు డెంటిస్ట్ దగ్గరికి ఎందుకు వెళ్ళాలి?

లాటినో పేషెంట్ల నుంచే కాదు, మన ఇళ్ళలో కూడా ఎక్కువగా వినపడే మాట ఇది. చిగుళ్ళ జబ్బు సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి పెట్టే రోజు వచ్చేసరికి చాలాసార్లు పన్ను పీకడం తప్ప పెద్దగా మార్గం మిగలదు.

నొప్పి లేని జబ్బును కంటికి చూపించాలంటే చిగుళ్ళ కొలత తీసే సమయం చాలా మంచిది. పళ్ళు శుభ్రం చేసే హైజీనిస్టు చేతిలో మిల్లీమీటర్ల గీతలున్న సన్నని పుల్ల లాంటి పరికరం ఉంటుంది. దాన్ని ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల మెల్లగా చిగురులోకి దించి, ఎంత లోతు వెళ్ళిందో పైకి చదువుతుంది, పక్కనున్న అసిస్టెంటు రాసుకుంటుంది. రెండు, మూడు, రెండు. మూడు, ఐదు, ఆరు. మూడు దాకా ఆరోగ్యం, నాలుగు అనుమానం, ఐదూ ఆ పైన జబ్బు. ఈ లెక్కను పేషెంటుకి మొదలుపెట్టకముందే చెప్పి, అంకెలు స్పానిష్‌లోనే చదవండి. దోస్, త్రేస్, సింకో, సేయిస్. కుర్చీలో పడుకున్న మనిషికి తన నోట్లో ఎక్కడ ఏమైందో తన చెవులతోనే తెలుస్తుంది. పెద్ద అంకె వచ్చినప్పుడు కనుబొమలు ముడిపడతాయి. ఆ తర్వాత "డీప్ క్లీనింగ్ కావాలి" అంటే, డబ్బు కోసం చెబుతున్నారన్న అనుమానం చాలా వరకు పోతుంది. స్పానిష్‌లో ఆరు దాకా లెక్కపెట్టడం నేర్చుకోవడానికి పది నిమిషాలు పట్టదు.

ఆ ఇళ్ళలో షుగర్ గురించి ఎలాంటి నమ్మకాలున్నాయి? వాటిని ఎలా ఎదుర్కోవాలి?

ఎదుర్కోవాలి అనే ఆలోచనతోనే చిక్కు మొదలవుతుంది. ముందు వినాలి.

మెక్సికన్ కుటుంబాల్లో చాలామంది తమకి షుగర్ సుస్తో వల్ల వచ్చిందని చెబుతారు. సుస్తో అంటే గుండె ఝల్లుమనేంత భయం. ప్రమాదం చూడటం, అయినవాళ్ళు హఠాత్తుగా పోవడం, సరిహద్దు దాటేటప్పుడు పడ్డ బాధ. "అదంతా ఉత్తిదే" అని కొట్టిపారేస్తే ఆ మనిషి ఇక ఏమీ చెప్పరు. తీవ్రమైన టెన్షన్‌లో ఒంట్లో విడుదలయ్యే హార్మోన్లు షుగర్ పెంచుతాయన్నది నిజమే. "మీకు అంత కష్టం వచ్చిందా, ఆ తర్వాత ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగితే, మాట తిండి మీదికీ, మందుల మీదికీ, నోటి మీదికీ దానంతట అదే వస్తుంది.

ఇన్సులిన్ మొదలుపెడితే చూపు పోతుందని ఇంకో భయం. దీని వెనక చూసిన అనుభవం ఉంటుంది. అమ్మకో మేనత్తకో ఇన్సులిన్ పెట్టారు, కొన్నాళ్ళకి కళ్ళు పోయాయి. నిజానికి ఏళ్ళ తరబడి అదుపు తప్పిన షుగర్ కళ్ళని తినేసింది, ఇన్సులిన్ ఆలస్యంగా వచ్చింది. వరస ఇలా జరిగింది అని ఓపిగ్గా చెబితే అర్థమవుతుంది.

పళ్ళ విషయంలో, వయసైతే పళ్ళు ఊడక తప్పదనీ, ఒక్కో కాన్పుకీ ఒక్కో పన్ను పోతుందనీ నమ్మేవాళ్ళున్నారు. గర్భంలోని బిడ్డ అమ్మ పళ్ళలోంచి కాల్షియం లాక్కోదు. గర్భంతో ఉన్న రోజుల్లో చిగుళ్ళు ఎక్కువ వాచడం, వాంతులు, డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళకపోవడం, ఇవీ కారణాలు.

ఇంటి వైద్యంలో హాని లేనివాటికి అడ్డు చెప్పకండి. గోరువెచ్చని ఉప్పు నీళ్ళు పుక్కిలించడం మంచిదే. లవంగం కాసేపు నొప్పి తగ్గిస్తుంది, కానీ జబ్బుని తగ్గించదు. నోపాల్ అనే నాగజెముడు జాతి మొక్క పట్టలు కూరగా తింటారు, పీచు ఉన్న తిండి, తినొచ్చు. మందులకి బదులుగా మాత్రం కాదు. గట్టిగా వద్దనాల్సినవి రెండు. పన్ను నొప్పికి ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టుకోవడం, అది చిగురుని కాల్చేస్తుంది. ఇంకొకటి, ఇంట్లో మిగిలిన అమోక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్‌ను తోచినట్టు మింగడం.

తిండి గురించి ఏం చెప్పాలి? తోర్తియాలు మానమనాలా?

మనవాళ్ళని అన్నం పూర్తిగా మానమంటే ఎంతమంది వింటారు? మొక్కజొన్న పిండితో చేసే రొట్టె, తోర్తియా, వాళ్ళకి అంతటిది. ఎన్ని, దాంతో ఏమిటి అన్నది మాట్లాడాలి. రెండు తోర్తియాలు, చిక్కుడు గింజలు, కూర, పచ్చడి లాంటి సల్సా ఉన్న పళ్ళెం చెడ్డ భోజనం కాదు.

పళ్ళకీ షుగర్‌కీ కలిపి ఎక్కువ చేటు చేసేవి తాగేవే. కూల్ డ్రింకులు, బియ్యంతో చేసి చక్కెర వేసిన ఓర్చాతా, మందార పూల జమాయికా, చింతపండు షర్బత్. మెక్సికోలో వీటి వాడకం ఎంత పెరిగిందంటే, 2014 జనవరి 1 నుంచి తీపి పానీయాల మీద ఆ ప్రభుత్వం లీటరుకి ఒక పేసో పన్ను వేసింది. ఎంత తాగారు అన్నదానితో పాటు ఎన్నిసార్లు తాగారు అన్నది పళ్ళకి ముఖ్యం. ఒక సీసా రెండు గంటలపాటు గుటక గుటకగా తాగితే ఆ రెండు గంటలూ పళ్ళు ఆమ్లంలో నానినట్టే. ఎండలో పనిచేసేవాళ్ళు, రాత్రి షిఫ్టు డ్రైవర్లు ఇలాగే తాగుతారు. తాగాలనిపిస్తే భోజనంతో ఒకేసారి తాగి, తర్వాత మామూలు నీళ్ళతో నోరు కడుక్కోమనండి.

నోరు ఎండిపోతుంటే చింతపండు, కారం కలిపిన మిఠాయిలు చప్పరించే అలవాటు కూడా ఉంది. ఎండిన నోట్లో ఉమ్మి తక్కువ, పులుపూ తీపీ కలిసి పంటి మొదళ్ళని త్వరగా పుచ్చేలా చేస్తాయి. చక్కెర లేని, దాని బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న చూయింగ్ గమ్ నయం. షుగర్ పడిపోయినప్పుడు తీసుకునే జ్యూసుకీ గ్లూకోజు మాత్రలకీ ఈ ఆంక్ష లేదు. అది ప్రాణం సంగతి, పళ్ళ సంగతి తర్వాత.

ప్రోమోతోరాలు అంటే ఎవరు?

మన ఆశా కార్యకర్తలు తెలిసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ప్రోమోతోరా దే సాలూద్ అంటే అదే వాడలో ఉండే, అదే భాష మాట్లాడే, ఆ కుటుంబాల కష్టాలు తెలిసిన ఆరోగ్య కార్యకర్త. చాలావరకు ఆడవాళ్ళే. డాక్టరు చెప్పే మాట గదిలో ఆగిపోతే, ప్రోమోతోరా మాట వంటింటి దాకా వెళ్తుంది.

ఇది బాగుంటుందన్న ఊహ మాత్రమే కాదు. టెక్సస్‌లో రియో గ్రాండే నది ఒడ్డున స్టార్ కౌంటీ ఉంది, అక్కడ దాదాపు అందరూ మెక్సికన్ మూలాలవాళ్ళే. పేదరికం ఎక్కువ, షుగర్ ఎక్కువ. టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన నర్సింగ్ పరిశోధకురాలు షారన్ బ్రౌన్ బృందం అక్కడ 256 మందితో ఒక ట్రయల్ చేసింది. ఏడాది పొడుగునా 52 గంటల క్లాసులు, స్పానిష్‌లో, ఊళ్ళోనే, ఆ ప్రాంతపు నర్సులు, డైటీషియన్లు, కార్యకర్తలతో. ప్రతి పేషెంటూ ఇంట్లోంచి ఒకరిని తోడు తెచ్చుకునే ఏర్పాటు చేశారు. ఆరు నెలలకి, క్లాసులకి వచ్చినవాళ్ళ హెచ్‌బీఏ1సీ రానివాళ్ళ కంటే 1.4 పాయింట్లు తక్కువగా ఉంది. శాన్ డియేగోలో ప్రాజెక్ట్ దుల్సే కూడా ఇలాగే నర్సులనీ, షుగర్ ఉన్న తోటి మనుషులనీ జతచేసి నడిచింది.

ఈ రెండూ షుగర్ కార్యక్రమాలే, దంత కార్యక్రమాలు కావు. ప్రోమోతోరా ఎలాగూ ఇంటికి వెళ్తోంది, పాదాలు చూపించమని అడుగుతోంది. అదే పూట చిగుళ్ళు కూడా చూపించమని అడగడానికి కొత్త వ్యవస్థ అక్కర్లేదు, ఆమెకి సగం రోజు శిక్షణ, ఒక డెంటల్ క్లినిక్ ఫోన్ నంబరు చాలు. ఆ నంబరు లేకుండా మాత్రం పంపకండి. "మీ చిగుళ్ళు పాడయ్యాయి" అని చెప్పి, ఎక్కడికి వెళ్ళాలో చెప్పకపోతే ఆ కుటుంబానికి దిగులు తప్ప మిగిలేది లేదు.

ఇంటి దగ్గర ఒక పూట నేర్పాలంటే ఎలా నేర్పాలి?

భోజనాల బల్ల దగ్గర కూర్చోండి, వంట చేసే మనిషిని కూడా కూర్చోబెట్టండి. చేతి అద్దం, మెత్తటి బ్రష్షులు, పాచికి రంగు పట్టించే మాత్రలు ఉంటే చాలు. మాత్ర నమిలి ఉమ్మేశాక పాచి ఉన్నచోటల్లా ఎర్రగా కనపడుతుంది. దాదాపు ప్రతి నోట్లోనూ కింది ముందు పళ్ళ వెనక వైపు, చివరి దవడ పళ్ళ చిగుళ్ళ అంచున ఎరుపు దట్టంగా ఉంటుంది. అప్పుడు బ్రష్‌ని చిగురు అంచు మీద కొంచెం ఏటవాలుగా ఆనించి, చిన్నచిన్న కదలికలతో ఆ ఎరుపు పోయేదాకా వాళ్ళ చేతే చేయించండి. మీరు చేసి చూపిస్తే తలూపుతారు. వాళ్ళు చేస్తే చేతికి పడుతుంది.

ఎరుపు పోయేటప్పుడు రక్తం వస్తుంది. అక్కడ చాలామంది చెయ్యి ఆపేస్తారు, రక్తం వచ్చేచోట తోమకూడదని అనుకుంటారు. నా దృష్టిలో ఆ పూట చెప్పాల్సిన మాట ఒక్కటే అయితే అది ఇదే: రక్తం వచ్చేచోటే మెత్తగా, రోజూ రెండుసార్లు తోమాలి. పైపై వాపయితే ఒకటి రెండు వారాల్లో రక్తం తగ్గుతుంది. తగ్గకపోతే లోపల గార ఉందన్నమాట, అది బ్రష్‌తో పోదు, క్లినిక్‌లోనే తీయాలి.

ఫ్లోరైడ్ పేస్టు, రెండు నిమిషాలు. తోమాక ఉమ్మేయాలి, నీళ్ళతో పుక్కిలించకపోతే ఫ్లోరైడ్ పంటి మీద నిలుస్తుంది. పళ్ళ సందుల్లో దారం వాడటం కష్టమైతే సందుల్లో దూరే చిన్న బ్రష్షులు వాడొచ్చు. వేళ్ళలో తిమ్మిర్లున్న షుగర్ పేషెంట్లకి ఇవే తేలిక. చివర్లో "మీ అమ్మాయికి ఇది ఎలా చెబుతారు?" అని అడిగి, చెప్పించుకోండి. తప్పు పోయినచోట మీరు సరిగ్గా చెప్పలేదని అర్థం.

చిత్రాల కథలు, మన హౌసీ లాంటి లోతేరియా ఆట, చర్చి తర్వాత పదిహేను నిమిషాల మాట, స్పానిష్ రేడియో, ఇవన్నీ వాడొచ్చు. చదువు తక్కువున్నవాళ్ళకి అక్షరాల కరపత్రం కంటే ఇవి నయం.

ఇన్సూరెన్స్ లేనివాళ్ళని ఎక్కడికి పంపాలి?

అమెరికాలో ముసలివాళ్ళకిచ్చే మెడికేర్ మామూలు దంత వైద్యానికి డబ్బు ఇవ్వదు. పేదలకిచ్చే మెడికెయిడ్‌లో పెద్దవాళ్ళ పళ్ళకి ఏం వస్తుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, పత్రాలు లేని వలసదారుల నిబంధనలు ఏడాదికేడాది మారుతున్నాయి. కాబట్టి పాత సమాచారం చెప్పకుండా, ముందు క్లినిక్‌కి ఫోన్ చేసి కనుక్కుని చెప్పండి.

కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు మొదటి ఆశ్రయం. డబ్బు లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదన్నది వాటి నియమం. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గుతుంది, పేదరిక రేఖ కిందున్నవాళ్ళకి నామమాత్రమే. పొలం కూలీల కోసం నడిచే కేంద్రాలకి 1962 నాటి వలస కూలీల ఆరోగ్య చట్టం పునాది. అన్ని సెంటర్లలో డెంటల్ విభాగం ఉండదు, అడగాలి. డెంటల్ కాలేజీల్లో విద్యార్థులు చేసే వైద్యం సమయం తీసుకుంటుంది, ఖర్చు బాగా తక్కువ. మెక్సికో కాన్సులేట్‌లలో వెంతానియా దే సాలూద్ అనే ఆరోగ్య కిటికీ ఉంటుంది. 2000 దశకం మొదట్లో శాన్ డియేగోలో మొదలైంది. పాస్‌పోర్ట్ పని మీద వచ్చినవాళ్ళకి అక్కడే షుగర్ పరీక్ష చేసి, ఏ క్లినిక్‌కి వెళ్ళాలో చెబుతారు.

సరిహద్దు దాటి మెక్సికోలో పళ్ళు చేయించుకునేవాళ్ళు కూడా చాలామంది. అరిజోనాలోని యూమా పక్కన లోస్ అల్గోదోనెస్ అనే చిన్న ఊళ్ళో వందల మంది డెంటిస్టులున్నారు. సెలవులకి హైదరాబాద్ వచ్చి రూట్ కెనాల్ చేయించుకునే మనవాళ్ళకి ఇది వింతేమీ కాదు. తప్పు పట్టక్కర్లేదు. ఎక్స్‌రేలు, చేసిన పని వివరాలు రాయించి తెచ్చుకోమనండి. షుగర్ ఉన్న చిగుళ్ళకి డీప్ క్లీనింగ్ తర్వాత సాధారణంగా మూడు నెలలకోసారి చూపించుకోవాలి, ఆ రాకపోకలు ఎక్కడ జరుగుతాయో ముందే ఆలోచించుకోమనండి.

కుళాయి నీళ్ళు తాగమని చెప్పాలా? ఫ్లోరైడ్ అంటే మాకే భయం.

నల్లగొండ పేరు విన్న ఎవరికైనా ఆ భయం సహజం. అక్కడ భూగర్భ జలాల్లో సహజంగా ఉన్న ఫ్లోరైడ్ మోతాదు మించి, తరాల తరబడి ఎముకలు వంగిపోయాయి. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అమెరికాలో నీళ్ళలో కలిపేది 0.7 మిల్లీగ్రాములు. రెండూ ఒకటి కావు. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు కలపడం ఆపేశాయి కాబట్టి అన్నిచోట్లా ఉంటుందనీ అనుకోకూడదు.

లాటినో ఇళ్ళలో చాలామంది కుళాయి నీళ్ళని నమ్మరు, సీసా నీళ్ళు కొంటారు. దాన్ని మూఢనమ్మకం అనకండి. కాలిఫోర్నియాలోని శాన్ వాకిన్ లోయలో పొలం కూలీల ఊళ్ళలో నైట్రేట్, ఆర్సెనిక్ కలిసిన నీళ్ళు వచ్చిన చరిత్ర ఉంది. నీళ్ళ మీద పట్టుబట్టకుండా, ఫ్లోరైడ్ పేస్టు మీద పట్టుబట్టండి. తీపి పానీయం బదులు ఏ నీళ్ళు తాగినా లాభమే.

నాకు స్పానిష్ రాదు. పేషెంటు కూతురు ఇంగ్లిష్ మాట్లాడుతుంది, ఆమెతో చెప్పిస్తే చాలదా?

పదేళ్ళ పిల్ల చేత "అమ్మా, నీ పళ్ళు నాలుగు తీసేయాలట" అని చెప్పించడం న్యాయం కాదు. తల్లి తన అసలు బాధలు పిల్ల ముందు చెప్పదు కూడా. కేంద్ర నిధులు తీసుకునే క్లినిక్‌లు ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. 1964 పౌరహక్కుల చట్టం, ఆ తర్వాతి ఆరోగ్య చట్టం ఇదే చెబుతున్నాయి. ఫోన్‌లో దొరికే దుబాసీ అయినా సరే. అత్యవసరమైతే తప్ప పిల్లలతో చెప్పించకూడదు.

పెద్దవాళ్ళని ఉస్తేద్ అని, మన మీరు లాగా, సంబోధించండి. పేరుకి ముందు దోన్ అనో దోన్యా అనో చేర్చితే ఇంకా మర్యాద. ఇంకో సంగతి, లాటినో కదా అని అందరికీ స్పానిష్ వచ్చని అనుకోవద్దు. కాలిఫోర్నియా తీరపు స్ట్రాబెరీ తోటల్లో పనిచేసే చాలామంది ఇంటి భాష మిస్తెకో. గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్ళలో మామ్, కిచే మాట్లాడేవాళ్ళున్నారు. మొహమాటంతో "సీ, సీ" అంటారు, అర్థమైందని కాదు.

షుగర్ ఉన్నవాళ్ళు డెంటల్ అపాయింట్‌మెంట్‌కి ఎలా రావాలి?

వీలైతే పొద్దున్నే, మామూలుగా టిఫిన్ చేసి, మందులు వేసుకుని. ఖాళీ కడుపుతో ఇన్సులిన్ వేసుకుని రావడం ప్రమాదం. మందుల పేర్లు, చివరి హెచ్‌బీఏ1సీ, ఉంటే గ్లూకోమీటరు తెచ్చుకోవాలి. మత్తు ఇచ్చి చేసే పనయితే ఏ మందు ఎప్పుడు ఆపాలో షుగర్ డాక్టరే చెప్పాలి. కొత్తగా వాడుతున్న కొన్ని షుగర్ మాత్రల్ని శస్త్రచికిత్సకి మూడు నాలుగు రోజుల ముందే ఆపాల్సి ఉంటుంది.

కుర్చీలో చెమటలు, వణుకు, తికమక మాటలు మొదలైతే పని ఆపి షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజు లేదా అరగ్లాసు జ్యూసు ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్ళీ చూడాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, అత్యవసర సాయం పిలవాలి.

పళ్ళన్నీ పోయి సెట్టు పెట్టుకున్నవాళ్ళకి ఇదంతా అవసరమా?

అవసరమే. సెట్టు రాత్రిపూట తీసి, కడిగి, నీళ్ళలో ఉంచాలి. ఒత్తుకుని పుండు పడితే షుగర్ ఉన్నవాళ్ళకి మానడం ఆలస్యం, వెంటనే సరిచేయించుకోవాలి. ఏడాదికోసారి నోరు చూపించుకోవాలి.

నేను ఇండియాలో బీడీఎస్ చేశాను, అమెరికాలో లైసెన్సు లేదు. ఈ పనిలో నేనేం చేయగలను?

పేషెంటుకి దంత వైద్యం చేయకూడదు, చట్టం ఒప్పుకోదు. ఏ మందు వాడాలో కూడా చెప్పకూడదు. కానీ నేర్పవచ్చు. ప్రోమోతోరాలకి చిగుళ్ళ జబ్బు గురించి శిక్షణ ఇవ్వగలిగిన చదువు మీ దగ్గర ఉంది. హెల్త్ ఫెయిర్లలో బ్రష్షింగ్ చూపించడం, షుగర్ క్లినిక్‌కీ డెంటల్ క్లినిక్‌కీ మధ్య పేషెంట్ల జాబితా పట్టుకుని ఎవరు వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు అని ఫోన్లు చేయడం, ఇవన్నీ లైసెన్సు అక్కర్లేని పనులు. ఆ ఫోన్లు చేసే మనిషి లేకే చాలా కార్యక్రమాలు సగంలో ఆగిపోతాయి.

టెక్సస్‌లో ఉంటే కమ్యూనిటీ హెల్త్ వర్కర్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు, 160 గంటల శిక్షణ ఉంటుంది. దగ్గర్లోని కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్ళి, అక్కడ షుగర్ క్లాసులు నడిపేది ఎవరో కనుక్కుని, ఒక క్లాసులో వెనక వరసలో కూర్చోవడానికి అనుమతి అడగండి.